కుర్చీ ఉద్యోగం

మా నాయనకు ఉన్నది ఒకటే కోరిక. కొడుకు కూర్చుని జీతం తీసుకోవాలి.

నవ్వకండి. పుట్టినప్పటి నుంచి నిలబడి, వంగి, లాగి, మోసి బతికిన మనిషికి అంతకన్నా పెద్ద కోరిక ఏముంటుంది? మాది నెల్లూరు దగ్గర మైపాడుకు ఉత్తరంగా ఉన్న చిన్న పాలెం. ఇంటి ముందు ఇసుక, ఇసుక దాటితే సముద్రం. ఊరి వెనక బకింగ్‌హాం కాలువ. నాయన తెప్ప మీద వేటకు పోయేవాడు. మబ్బులోనే లేచి, చద్దన్నం మూట కట్టుకుని, నలుగురితో కలిసి తెప్పను నీళ్ళలోకి నెట్టేవాడు. తిరిగొచ్చాక మళ్ళీ ఆ తడిసిన దుంగల్ని విప్పి ఒడ్డుకు మోయాలి. వేటకు పోని రోజుల్లో అలివి వల. ఒడ్డున రెండు వరసల్లో నిలబడి, తాడు భుజాన వేసుకుని, మడమలు ఇసుకలో దిగేసి వెనక్కి వెనక్కి నడుస్తూ వలను లాగుతారే, అది.

రాత్రి పడుకోబోయే ముందు మా అమ్మ ఆయన మోకాళ్ళకు ఆముదం రాసేది. ఆ వాసనలోనే నాకు చదువు విలువ చెప్పేవాడు.

"అబ్బయా, నీళ్ళలో నానకుండా, ఎండలో మాడకుండా, ఫ్యాను కింద కుర్చీలో కూచునే పని ఎట్టాగైనా సంపాయించుకోవాల. నీకు ఆ కుర్చీ దొరికితే నాకు ఇంకేం అక్కరలేదు."

దొరికింది. 1986లో నాకు బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. చేరిన వారానికి నాయన మా బ్రాంచికి వచ్చాడు. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు. కౌంటరు బయట నిలబడి నన్ను కాసేపు చూశాడు. తర్వాత మేనేజరు గారిని అడిగి లోపలికొచ్చి, నన్ను లేవమని, నా కుర్చీ మీద అరచేత్తో ఒత్తి చూశాడు.

"మెత్తంగానే ఉండాదే," అన్నాడు. అంతే. తృప్తిగా బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మెత్తటి కుర్చీయే ముప్పై ఏళ్ళ తర్వాత నన్ను ఆస్పత్రి మంచం ఎక్కిస్తుందని ఆయనకు తెలీదు. నాకూ తెలీదు.

లెడ్జరు పోయింది, నడక పోయింది

నిజం చెప్పాలంటే, మొదట్లో మా ఉద్యోగం పేరుకే కూర్చునే ఉద్యోగం. ఆ రోజుల్లో బ్యాంకుకు వెళ్ళినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇత్తడి టోకెన్లు, బైండు చేసిన బండ లెడ్జర్లు. చెక్కు వస్తే లెడ్జరు కోసం అలమర దగ్గరికి పోవాలి. సంతకం సరిచూడటానికి ఇంకో బల్ల దగ్గరికి. వోచరు పాస్ చేయించడానికి ఆఫీసరు దగ్గరికి. సాయంత్రం లెక్క కుదరకపోతే పది బల్లలూ తిరగాలి. రోజుకు ఎన్నిసార్లు లేచేవాడినో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. లేవడం పనిలో భాగం, అంతే.

1990ల మొదట్లో మా తీరంలో రొయ్యల గుంటలు పుట్టుకొచ్చాయి. వరి మడులు గుంటలయ్యాయి. సైకిలు మీద వచ్చే రైతు మోటారు సైకిలు మీద రావడం మొదలుపెట్టాడు. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలు ఖాళీ అయినప్పుడు అదే రైతు మళ్ళీ అప్పు కోసం మా ముందు నిలబడ్డాడు. బ్యాంకులో పని పెరిగింది. పని పెరిగిన చోటికి కంప్యూటరు వచ్చింది. 2000 దాటాక శాఖలన్నిటినీ ఒకే తీగతో కలిపే కోర్ బ్యాంకింగ్ వచ్చింది.

మేమందరం సంబరపడ్డాం. లెడ్జరు బరువు తప్పింది. సంతకం తెర మీదే కనబడుతుంది. ఆఫీసరు తన బల్ల దగ్గరే మీట నొక్కి పాస్ చేసేస్తాడు. ఖాతాదారుడు, కాగితం, అనుమతి, అన్నీ కుర్చీ దగ్గరికే వస్తాయి. ఆఖరికి మంచినీళ్ళూ, టీ కూడా అటెండరు తెచ్చి పెడతాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దగ్గర మనిషి హోదాకు ఒక కొలత ఉంది. ఎంత తక్కువ లేస్తే అంత పెద్దవాడు. అటెండరు తిరుగుతుంటాడు. గుమాస్తా అప్పుడప్పుడూ లేస్తాడు. మేనేజరు గంట కొడతాడు. ఇంట్లోనూ అంతే. సంపాదించే మగవాడు కూర్చుంటే కంచం ఆయన దగ్గరికి రావాలి. నాకు ప్రమోషన్ వచ్చి హెడ్ క్యాషియర్ అయినప్పుడు నేను మురిసిపోయింది జీతం చూసి కాదు. ఇక ఎవరి బల్ల దగ్గరికీ నేను పోనక్కరలేదని.

బస్సులో గంట కూర్చుని బ్యాంకుకు, బ్యాంకులో తొమ్మిది గంటలు కూర్చుని మళ్ళీ బస్సుకు, ఇంటికొచ్చాక టీవీ ముందు రెండు గంటలు. నడుము దగ్గర బెల్టుకు కొత్త చిల్లులు పడ్డాయి. "కాస్త ఒళ్ళు చేశావు, మొహంలో కళ వచ్చింది" అంది అమ్మ. పాలెంలో అది దీవెన.

ఆ యాభై రోజులు

2016 నవంబరు 8 రాత్రి మీకు గుర్తుంది కదా. ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రకటించారు. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ నోట్లదే. ఒకరోజు మూసి నవంబరు 10న బ్యాంకులు తెరిచాం. ఆ వారం శనివారం, ఆదివారం కూడా పనిచేశాం. డిసెంబరు 30 దాకా పాత నోట్ల డిపాజిట్లు.

మా బ్రాంచి ముందు వరస తెల్లారకముందే మొదలయ్యేది. చేపలమ్మే ఆడవాళ్ళు, గుంటల దగ్గర కాపలా ఉండే వాళ్ళు, పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు, ఆస్పత్రి చీటీ పట్టుకుని ఏడ్చేవాళ్ళు. చేపల నీళ్ళు అంటిన నోట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. ఒక్కోటి విడదీసి లెక్కపెట్టాలి. పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే రాత్రి తొమ్మిది, పది. మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా కౌంటరు కిందే తెరిచి నాలుగు ముద్దలు తినేవాడిని. నేను ఒక్క నిమిషం లేస్తే వరసలో గొడవ. బాత్‌రూముకు పోవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేశాను. ఇలా చేసింది నేనొక్కడినే కాదు, మా కౌంటర్లలో అందరం అలాగే చేశాం.

డిసెంబరు మొదట్లో ఎడమ పిక్క బరువెక్కినట్టు అనిపించింది. రెండు రోజులకు వాచింది. బస్సు మెట్టు దగ్గర బెణికి ఉంటుందనుకున్నాను. మా ఆవిడ నూనె వెచ్చచేసి పిసుకుతానంది. పక్కింటాయన "పుత్తూరు పోయి కట్టు కట్టించుకో సామీ, మూడు కట్లకు ఎగిరి గంతేస్తావు" అన్నాడు. ఐదోరోజు కుడి కాలు చెప్పు సరిపోతోంది, ఎడమ కాలు చెప్పు పట్టడం లేదు. పిక్క ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది. అప్పుడు నెల్లూరులో డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎవరైనా పిసికారా?"

లేదన్నాను. ఆవిడకు ఆ వారం పని తెమల్లేదు గనక సరిపోయింది. ఆయన ఊపిరి వదిలి, వెంటనే డాప్లర్ స్కాన్ చేయించారు. పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. డీప్ వీన్ త్రాంబోసిస్ అన్నారు. పిసికినా, గట్టిగా కట్లు కట్టినా ఆ గడ్డ కదిలి పైకి పోయి ఊపిరితిత్తుల రక్తనాళంలో ఇరుక్కోవచ్చట. అలా అయితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చట.

అదే రక్తపరీక్షలో షుగరు కూడా బయటపడింది.

"డాక్టరు గారూ, కూర్చున్నందుకేనా ఇదంతా?" అన్నాను. ఆయన తొందరపడి అవునన్లేదు. బరువు, వయసు, నీళ్ళు తాగకపోవడం, కదలకుండా కూర్చోవడం, అన్నీ కలిశాయన్నారు. "ఒకటి మాత్రం చెప్తాను. ఇన్ని కారణాల్లో మీ చేతుల్లో తేలిగ్గా ఉన్నది లేవడం ఒక్కటే. దాన్నే మీరు వదిలేశారు."

పిక్కలో పంపు

నాలుగు రోజులు ఆస్పత్రిలో, ఆపైన ఆర్నెల్లు రక్తం పలచబరిచే మాత్రలు. గడ్డం గీసుకోవాలన్నా భయం. ఖాళీగా ఉన్నాను కాబట్టి ఈ సంగతులన్నీ చదవడం, అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను.

గుండె రక్తాన్ని కిందికి నెడుతుంది. పాదాల నుంచి పైకి ఎక్కించే పనిలో సగం భారం పిక్కలదే. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి, మధ్యలో ఉన్న సిరను పిండుతుంది. రక్తం పైకి పోతుంది. తిరిగి కిందికి జారకుండా సిర లోపల చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. బోరింగు పంపు కొట్టినట్టే. కూర్చున్నామంటే ఆ పంపు ఆగిపోతుంది. మోకాలి దగ్గర మడత, తొడ కింద కుర్చీ అంచు ఒత్తిడి. నీళ్ళు తాగకపోతే రక్తం ఇంకాస్త చిక్కన.

ఇది ఈనాటి జబ్బు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, జర్మనీ విమానాలు లండన్ మీద బాంబులు వేస్తుంటే జనం రాత్రంతా నేలమాళిగల్లో మడత కుర్చీల్లో కూర్చుని గడిపేవారు. బాంబు తగలకుండానే కొందరు చనిపోయారు. కీత్ సింప్సన్ అనే వైద్యుడు ఆ శవాలను పరీక్షించి, కాళ్ళలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడమే కారణమని అదే ఏడాది లాన్సెట్ పత్రికలో రాశారు. గంటల తరబడి కదలకుండా విమాన ప్రయాణం చేసేవాళ్ళకు వస్తోందని మనం విన్నదీ ఇదే. నేను విమానం ఎక్కకుండానే తెచ్చుకున్నాను.

ఇక షుగరు సంగతి. మనం తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరాలు. ఒంట్లో పెద్ద కండరాలన్నీ తొడల్లో, పిరుదుల్లో, పిక్కల్లో ఉన్నాయి. వాటిని రోజంతా ఖాళీగా ఉంచితే ఆ చక్కెర ఎక్కడికి పోతుంది? రక్తంలోనే తిరుగుతుంది. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొందరు స్థూలకాయుల్ని కూర్చోబెట్టి చూశారు. ఒకరోజు గంటల తరబడి అలాగే కూర్చోమన్నారు. ఇంకోరోజు ప్రతి 20 నిమిషాలకు ఒకసారి లేచి 2 నిమిషాలు నడవమన్నారు. అలా లేచి నడిచిన రోజు తిన్న తర్వాత పెరిగే చక్కెర సుమారు పావువంతు తగ్గింది. రెండు నిమిషాల నడకే. మా బ్రాంచిలో లెడ్జరు అలమర దాకా పోయి వచ్చేంత!

మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళ సర్వే 2023లో లెక్క తేల్చింది. దానికి అన్నం ఒకటే కారణం కాదు, కూర్చోవడం ఒకటే కారణం కాదు. కానీ మన తాతలు తిన్నంత అన్నం తింటూ, వాళ్ళు నడిచినంత నడవని తరం మనది.

డ్రైవరు, కండక్టరు

నాయన ఆస్పత్రికి వచ్చాడు. అప్పటికి ఆయనకు ఎనభై దగ్గర పడుతున్నాయి. మోకాళ్ళు అరిగిపోయి కర్ర పట్టుకుని వంగి నడుస్తున్నాడు. మంచం పక్కన నిలబడి నా కాలు చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"కూచున్నందుకు వచ్చిందంట కదా," అన్నాడు చివరికి.

"అదొక్కటే కాదులే నాయనా."

"నేనే కదా కూచోమన్నా."

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆయన కుర్చీలో కూర్చోలేదు. నర్సమ్మ చెప్పినా కూర్చోలేదు. పాపం, ఆ మోకాళ్ళతో నిలబడే ఉన్నాడు.

ఆ రోజు నాకు అర్థమైంది ఒకటుంది. నాయన తప్పేమీ చెప్పలేదు. ఆయన ఒళ్ళు విరిచిన పని నాకు రాకూడదనుకున్నాడు. బరువు పని వేరు, వ్యాయామం వేరు. విశ్రాంతి లేకుండా రోజంతా మోసి, వంగి, లాగే పనివల్ల వ్యాయామం చేసినంత మేలు జరగదని, కొన్నిసార్లు గుండెకు చేటు కూడా అని డెన్మార్క్ పరిశోధకులు ఈ మధ్య చెబుతున్నారు. కష్టపడేవాళ్ళకు జబ్బులు రావని మనం అనుకుంటాం. మా పాలెంలో యాభై ఏళ్ళకే కర్ర పట్టుకున్నవాళ్ళను చూస్తే ఆ మాట అనలేం.

మా చెల్లెలి కూతురు మద్రాసులో ఒక బట్టల కొట్లో చేసేది. పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగం. బేరం లేనప్పుడు కూడా కూర్చోకూడదు. ముప్పై ఏళ్ళు రాకముందే కాళ్ళ మీద సిరలు నీలంగా తాళ్ళలాగా ఉబ్బిపోయాయి. 2021లో తమిళనాడు ప్రభుత్వం కొట్లలో పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలు కల్పించాలని చట్టం చేసింది. అంతకుముందే 2018లో కేరళ చేసింది. మా ఇంట్లోనే చూడండి. నేను కూర్చుని పడ్డాను, పిల్ల నిలబడి పడింది. శరీరానికి కూర్చోవడం పడదనీ కాదు, నిలబడటం పడదనీ కాదు. ఒకే తీరున గంటలు గంటలు ఉండిపోవడం పడదు.

ఈ సంగతి మొదట తేల్చింది బస్సుల్లోనే అంటే మీరు నమ్మరు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవాళ్ళను పరిశీలించారు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే పొగ, ఇంచుమించు ఒకే జీతం. కానీ గుండెజబ్బు డ్రైవర్లకే ఎక్కువ. ఇది 1953లో అచ్చయింది. మోరిస్ నిజాయితీ చూడండి. ఆ తర్వాత 1956లో ఆయనే డ్రైవర్ల యూనిఫాం కొలతలు తీయించి, డ్రైవర్ల నడుము కొలత కండక్టర్ల కన్నా ఎక్కువని రాశారు. అంటే తేడా అంతా కుర్చీదే కాకపోవచ్చు, మనుషుల్లో ముందే కొంత తేడా ఉందేమోనని తన మాటను తానే పరీక్షించుకున్నారు. ఆయన వ్యాయామం మానకుండా 99 ఏళ్ళు బతికి 2009లో పోయారు.

నేను రోజూ ఎక్కిన ఆర్టీసీ బస్సులో కూడా డ్రైవరు, కండక్టరు వేరువేరుగా ఉండేవాళ్ళు. ఇప్పుడు చాలా సర్వీసుల్లో డ్రైవరే టిక్కెట్టు కూడా కొడుతున్నాడు. మోరిస్ ఉంటే ఏమనేవారో!

అంతకన్నా ముందు, 1700లోనే, ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు పనివాళ్ళ జబ్బుల మీద ఒక పుస్తకం రాశారు. దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ళు కూర్చుని కూర్చుని వంగిపోతున్నారని, కనీసం సెలవు రోజుల్లోనైనా ఒళ్ళు కదిలించాలని చెప్పారు. మూడు వందల ఏళ్ళయింది. కుర్చీలు మారాయి, సలహా మారలేదు.

మా బ్రాంచిలో ఒక సహోద్యోగిది వెంకటగిరి, నేతపని కుటుంబం. ఆయన తండ్రి గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. గుంటలో కాళ్ళు పెట్టి తొక్కుతుంటే కాళ్ళు ఆడుతూనే ఉంటాయి. కానీ నడుము, మెడ వంగిపోయి ఉంటాయి. నేను ఆస్పత్రి నుంచి వచ్చాక వాళ్ళింటికి పోతే ఆ పెద్దాయన నవ్వి, "మీకు కాళ్ళు పోయినాయి, మాకు నడుములు పోయినాయి. ఎవురి కుర్చీ వాళ్ళదే సార్" అన్నాడు.

చిన్న గ్లాసు

మళ్ళీ ఉద్యోగంలో చేరేటప్పుడు డాక్టరు గారు పెద్ద జాబితా ఏమీ ఇవ్వలేదు. రెండు మాటలు చెప్పారు. "బాటిల్ పెట్టుకోకండి, చిన్న గ్లాసు పెట్టుకోండి. అయిపోయినప్పుడల్లా మీరే లేచి నింపుకోండి. అటెండరును పంపొద్దు." ఆ గ్లాసు వల్ల నీళ్ళూ తాగాను, నీళ్ళు తాగినందుకు బాత్‌రూముకూ లేచాను. రెండు పనులకూ కలిపి రోజుకు ఇరవైసార్లు లేవడం అలవాటైంది. మొదట అటెండరే నొచ్చుకున్నాడు. "నేనుండగా మీరెందుకు సార్?" అని. నాకూ సిగ్గనిపించింది. ఖాతాదారులు చూస్తున్నారే, హెడ్ క్యాషియర్ నీళ్ళు పట్టుకుంటున్నాడే అని.

మిగతావి నేను కలుపుకున్నవి. ఫోను వస్తే నిలబడి మాట్లాడటం. పక్క గదిలో ఉన్నవాళ్ళకు ఫోను చేయకుండా నడిచి వెళ్ళి చెప్పడం. లేచే వీలు లేనప్పుడు బల్ల కింద మడమలు ఎత్తి దించడం. బస్సు ఒక స్టాపు ముందే దిగడం. సాయంత్రం స్వర్ణాల చెరువు గట్టున అరగంట నడక.

అరగంట నడిచాను కదా అని మిగతా రోజంతా కూర్చోవచ్చా? నేనూ ఆ ప్రశ్న వేసుకున్నాను. పది లక్షలమందికి పైగా సమాచారం కలిపి చూసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. రోజుకు 60 నుంచి 75 నిమిషాలు చురుగ్గా నడిచేవాళ్ళకు ఎక్కువసేపు కూర్చోవడం వల్ల పెరిగే ప్రాణగండం దాదాపు లేకుండా పోయిందని అందులో తేలింది. అంత నడవలేనివాళ్ళు నిరాశపడక్కరలేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయమని, కూర్చునే సమయాన్ని తగ్గించి దాని బదులు ఏ కాస్త కదిలినా మేలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఇన్ని గంటలకు మించి కూర్చోకూడదని మాత్రం గీత గీయలేదు.

ఇంకొక్క మాట, ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఒక కాలు మాత్రమే వాచి, నొప్పి, వేడి ఉంటే నూనె పెట్టి పిసకకండి. కట్లు కట్టించుకోకండి. ఆ రోజే డాక్టరుకు చూపించండి. దాంతోపాటు హఠాత్తుగా ఆయాసం, గుండెలో నొప్పి వస్తే అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరుగెత్తాలి. నాకు ఐదు రోజులు కలిసొచ్చాయి. అందరికీ కలిసిరావు.

కాఫీ ఎవరు తేవాలి?

నాయన 2019లో పోయాడు. చివరి దాకా ఆ అరిగిన మోకాళ్ళతోనే పొద్దుగూకేటప్పుడు ఇసుక దాకా పోయి వచ్చేవాడు. నేను 2023లో రిటైరయ్యాను. రిటైరయ్యాక ఇంకో ప్రమాదం ఉంది. నన్ను లేవగొట్టే ఖాతాదారుడు కూడా లేడు. పేపరు, టీవీ, వాలుకుర్చీ. అందుకే ఆ చిన్న గ్లాసు ఇంటికి తెచ్చుకున్నాను.

ఇప్పుడు నా దిగులంతా మా అబ్బాయి గురించి. వాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బెంగుళూరు నుంచి ల్యాప్‌టాప్‌తో ఇంటికొచ్చాడు. అప్పటినుంచి మేడమీద గదే ఆఫీసు. నేను ఉద్యోగానికి కనీసం బస్టాండు దాకా నడిచాను. వాడు మంచం దిగి కుర్చీ ఎక్కుతాడు. తొమ్మిదింటికి కాఫీ, పదింటికి టిఫిను, ఒంటిగంటకు అన్నం, నాలుగింటికి మళ్ళీ కాఫీ. అన్నీ వాళ్ళమ్మ మెట్లెక్కి తీసుకెళ్ళి బల్ల మీద పెడుతుంది. ఆవిడ వయసు అరవై. రోజుకు ఎనిమిదిసార్లు మెట్లెక్కుతుంది. ఆవిడకు షుగరు లేదు.

నేను అంటే వినలేదు. "నాన్నా, నీది వేరే కేసు" అన్నాడు. నేనూ నాయన మాట కాదనకుండా కూర్చున్నవాడినే కదా, వాడికేం చెప్పగలను? వాడి వైద్యపరీక్షల కాగితం పోయిన నెల వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళకే షుగరు అంచు మీద ఉంది.

పోయిన ఆదివారం వాణ్ణి పాలేనికి తీసుకెళ్ళాను. ఒడ్డున అలివి వల లాగుతున్నారు. ఇప్పుడు లాగడానికి మనుషులు దొరకడం లేదు. పిలకాయలంతా చదువులకు, ఉద్యోగాలకు పోయారు. తాడు పట్టుకున్నవాళ్ళలో సగంమంది నా వయసు వాళ్ళే. మమ్మల్ని చూసి ఒకాయన అరిచాడు.

"ఏందబ్బా, పెళ్ళి చూస్తున్నట్టు చూస్తుండారు? బిన్నా వచ్చి తాడు పట్టుకోండి!"

మావాడు చెప్పులు విప్పి పోయాడు. పావుగంట లాగాడు. అరచేతులు ఎర్రగా కందాయి. వలలో పెద్దగా ఏమీ పడలేదు. కాసిని కవళ్ళు, నాలుగు పీతలు. మాకు ఒక గుప్పెడు ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో వాడు ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు.

సోమవారం తొమ్మిదింటికి మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళబోతుంటే పైనుంచి చెప్పుల చప్పుడు. వాడే దిగి వచ్చాడు.

"నేను తెస్తున్నాగా! ఎందుకు దిగావు?" అంది.

"ఇకనుంచి నేనే వస్తాలేమ్మా," అన్నాడు.

ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. నా వైపు కోపంగా చూసింది. వాడు వంటింట్లో నిలబడే కాఫీ తాగి, గ్లాసు కడిగి పెట్టి మేడెక్కాడు. ఇది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. తల్లికీ కొడుక్కీ ఇద్దరికీ అలవాటు కావాలి.